వజ్రము మండునా?

పిల్లలారా! మొన్న బొగ్గును గూర్చిన పాఠము చదువుచుండగా మీలో ఒక బాలిక, "మాస్టారూ, ఉంగరములోని వజ్రము నిప్పులో పడినచో ఏమగును?" అని అడిగెను. ఇంతలో గంట మ్రోగెను. జవాబు నేడు చెప్పెదను.

వజ్రము మండును. బొగ్గువలె బూడిదనైనను మిగల్చక మాయమగును.

సుమారు 250 సంవత్సరముల క్రిందట పారిస్ నగరమున పండితులు వజ్రమును కొలిమిలో కాల్చగా అది కనబడకుండ పోయెను. నీటివలె ఆవిరియైనదని కొందరు, మండిపోయినదని కొందరు వాదించిరి. ఒక వజ్రాల వర్తకుడు ఆ మాటలు నమ్మక, తన వజ్రములనే తెచ్చి, బొగ్గుపొడిలో పూడ్చి, గాలి చొరకుండ మూసి కొలిమిలో పెట్టించెను. ఎంత గుండెధైర్యమో చూడుడు! తీసి చూడగా అవి చెక్కుచెదరక యుండెను. వేడిమి ఒక్కటియే చాలినచో అవియు మాయము కావలసినదే గదా? కావున వజ్రము పోవుటకు గాలియు కావలెను. గాలి లేనిదే మంట లేదు.

1772లో లావోయిజియే అను శాస్త్రజ్ఞుడు ఈ పనికి పూనుకొనెను. పెద్ద భూతద్దముతో ఎండను ఒకచోట చేర్చి, గాజుపాత్రలోని వజ్రమును కాల్చెను. ఆ పాత్రలోని వాయువు సున్నపు తేటను పాలవలె తెల్లబరచెను. బొగ్గు కాలినను అట్లే యగును. మీ అవ్వ తాంబూలమునకు వాడు సున్నమును నీటిలో కలిపి, తేరిన నీటిలోనికి గొట్టముతో మెల్లగా ఊదుడు. మీ ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు ఆ నీటిని తెల్లబరచును. (పెద్దల యెదుటనే చేయవలెను. ఊదవలెనే గాని పీల్చరాదు.)

1797లో ఇంగ్లండు దేశీయుడగు స్మిత్సన్ టెన్నంట్ సమానమైన తూకముగల వజ్రమును, బొగ్గును కాల్చి, రెండును ఒకే కొలతలో ఆ వాయువును ఇచ్చునని చూపెను. రెండును కర్బనమే! కృష్ణానది యొడ్డున కొల్లూరు గనులలో మన పూర్వులు త్రవ్విన లోకప్రసిద్ధ వజ్రములును కర్బనమే.

మరి భేదమెక్కడ? అమరికలో. వజ్రములో ఒక్కొక్క పరమాణువు నలుదిక్కుల నాలుగింటిని గట్టిగా పట్టుకొనియుండును. మీ పెన్సిలులోని గ్రాఫైటులో మూడింటినే పట్టుకొని పొరలు పొరలుగా నుండును. పొర జారును, కాగితముపై గీత పడును.

ఇక ఉంగరము మాట. వజ్రము గాలిలో మండుటకు 700 డిగ్రీల సెల్సియస్ మించిన వేడిమి కావలెను. వేడిమి తొలగినచో మంటయు ఆగును. ఇల్లు కాలినచోట దొరికిన వజ్రము పాలపూత పూసినట్లు మసకబారియుండవచ్చును. సానపట్టినచో మరల మెరయును, తూకము మాత్రము కొంచెము తగ్గును. అందువలననే కంసాలి ఉంగరమును అతుకునప్పుడు వజ్రమునకు గాలి తగులకుండ బోరిక్ ఆమ్లము పూయును.