తాళము పోయిన వెబ్‌సైటును మరల తెఱచుట

నేడు మన సంఘములలో కొన్నిటికి వెబ్‌సైటులు గలవు. విత్తనముల ధరలు, ఎరువుల నిలువలు, మహాజనసభ ప్రకటనలు అందుండును. దానిని సవరించు అధికారము మాత్రము తఱచుగా ఒక్క గుమాస్తా చేతనే యుండును. మా సంఘపు గుమాస్తా పని మాని పోయిన పిమ్మట పాస్‌వర్డు ఎవరికిని తెలియదాయెను. ఖరీఫు ఆరంభమున విత్తనపు ధర మారినను వెబ్‌సైటుపై పాత ధరయే నిలిచెను. దానిని నమ్మి పొరుగూళ్ల రైతులు ట్రాక్టర్లు తోలుకొని వచ్చి మాతో తగవు పడిరి. తప్పు వారిది కాదు.

మాది వర్డ్‌ప్రెస్ అను ఉచిత సాఫ్ట్‌వేరుపై నడచునది. అట్టిచోట మొదట చేయదగినది, ప్రవేశపుటలో పాస్‌వర్డు మఱచితిమని తెలుపు మాటను నొక్కుట. అప్పుడు అధికారి ఇ-మెయిలునకు లంకె వచ్చును. కాని మా విషయమున ఆ ఇ-మెయిలు గుమాస్తా సొంతది!

ఇచ్చట రైతులు గ్రహింపవలసిన దేమనగా, వెబ్‌సైటు తలుపు వేఱు, అది నిలిచియున్న స్థలపు తలుపు వేఱు. స్థలమును అద్దెకిచ్చునది హోస్టింగు కంపెనీ. సొమ్ము చెల్లించిన రసీదులు, సంఘపు రిజిస్ట్రేషను పత్రము, పాలకవర్గ తీర్మానము చూపి ఆ ఖాతాను మేము స్వాధీనము చేసికొంటిమి. రసీదులు సంఘము పేర నుండుట మా అదృష్టము.

పిదప హోస్టింగు ఖాతాలోని పీహెచ్‌పీమైఅడ్మిన్ అను పనిముట్టుతో డేటాబేసును తెఱచితిమి. ఏమియు ముట్టకమునుపే దానికి నకలు దింపుకొనవలెను. యూజర్స్ అని ముగియు పేరుగల పట్టికలో అధికారి వరుసను వెదకి, ఇ-మెయిలు గడియందు సంఘపు చిరునామా వ్రాసి భద్రపఱచినచో, ముందు చెప్పిన లంకె ఇక సంఘమునకే వచ్చును. లంకె రాకున్నచో పాస్‌వర్డు గడిలో క్రొత్తది వ్రాసి, ప్రక్కనున్న జాబితాలో ఎండీ5 అనుదానిని ఎన్నుకొనవలెను. పాత పాస్‌వర్డును అందు చదువ నలవి గాదు. అది హాష్ రూపమున మాఱి యుండును. ఎండీ5 బలహీనమైనదే, అయినను మొదటి ప్రవేశముతోనే వర్డ్‌ప్రెస్ దానిని గట్టి రూపమునకు మార్చుకొనును. 2025 సంవత్సరపు 6.8వ కూర్పు నుండి అందులకు బీక్రిప్ట్ అను పద్ధతి వాడబడుచున్నది.

పాస్‌వర్డు సరియైనదే యైనను, పలుమాఱులు తప్పు కొట్టినందున భద్రతా ప్లగిన్ అడ్డగించుట గలదు. అప్పుడు ప్లగిన్స్ అను ఫోల్డరులో ఆ ప్లగిన్ ఫోల్డరు పేరు మార్చిన చాలును, అది పని మానును. లోనికి బోయిన పిమ్మట పేరును యథాస్థితికి తెచ్చి, దానిని మరల నడపవలెను.

గుమాస్తాకు వేఱుగా అధికారి ఖాతా యున్నచో దానిని తొలగించునపుడు తొందర కూడదు. అతడు వ్రాసిన ప్రకటనలను తుడువవలెనా, వేఱొకరి పేర నుంచవలెనా యని వర్డ్‌ప్రెస్ అడుగును. రెండవదానినే కోరవలెను, లేనిచో సంవత్సరముల ప్రకటనలు పోవును.

మేమిపుడు ఇద్దఱు అధికారులను నియమించి, పాస్‌వర్డులను లక్కముద్ర వేసిన కవరులో ఇనుపపెట్టె యందుంచితిమి. డొమైను పేరును గూడ సంఘము పేరనే నమోదు చేయించి, దాని గడువు తేదిని మినిట్సు పుస్తకమున వ్రాసికొంటిమి.