నోటి మాట, కాగితం: కార్లా సిమోన్ మూడు సినిమాలు

"స్పానిష్ సినిమా చూద్దాం రారా" అని మా రూమ్మేట్‌ని లాక్కొచ్చి కూర్చోబెట్టాను. వాడు యాప్‌లో స్పానిష్ నేర్చుకుంటున్నాడు. పది నిమిషాలకే మొహం మాడ్చుకుని "ఒక్క ముక్క అర్థం కావట్లేదు, ఇన్నాళ్లూ నేర్చుకున్నదంతా వేస్టా?" అన్నాడు.

తప్పు వాడిది కాదు. ఆ సినిమా పేరు 'అల్కర్రాస్'. స్పెయిన్‌దే కానీ స్పానిష్‌లో లేదు, కాటలాన్‌లో ఉంది. అదీ బార్సిలోనా నగరంలో వినిపించే కాటలాన్ కాదు, లేయిదా వైపు పల్లెల్లో మాట్లాడే యాస. 2022లో బెర్లిన్ చిత్రోత్సవంలో గోల్డెన్ బేర్ గెలిచింది. ఒక కాటలాన్ సినిమాకి ఆ బహుమతి రావడం అదే మొదటిసారి.

దీని దర్శకురాలు కార్లా సిమోన్. ఆవిడ తీసిన మూడు పెద్ద సినిమాల్లోనూ నాకు ఒకే విషయం కనిపించింది: నోటితో చెప్పని మాటలు, కాగితం మీద లేని నిజాలు.

వేసవి 1993

సిమోన్ 1986లో బార్సిలోనాలో పుట్టారు. ఎయిడ్స్ వల్ల ముందు నాన్న, తర్వాత ఆరేళ్ల వయసులో అమ్మ పోయారు. పల్లెలో ఉండే మావయ్య కుటుంబమే ఆవిడని పెంచింది. బార్సిలోనాలో, తర్వాత లండన్ ఫిల్మ్ స్కూల్‌లో చదువుకుని, 2017లో తన కథనే మొదటి సినిమాగా తీశారు. బెర్లిన్‌లో ఉత్తమ తొలి చిత్రం అవార్డు వచ్చింది.

అందులో ఫ్రీదా అనే ఆరేళ్ల పాప ఆడుకుంటూ మోకాలు చెక్కుకుంటుంది. రక్తం చూడగానే పక్కనున్న తల్లి కంగారుగా తన బిడ్డని దూరం లాగేస్తుంది. ఎందుకో పాపకి ఎవరూ చెప్పరు. జబ్బు పేరు పలకరు. మనకి మాత్రం అర్థమైపోతుంది. ఈ ఒక్క సీన్‌లో ఉన్న భయం ఏ డైలాగూ చెప్పలేదు.

అల్కర్రాస్

సిమోన్ బంధువులకి అల్కర్రాస్ ఊళ్లో నిజంగానే పీచ్ తోటలున్నాయి. సినిమా కోసం సుమారు 9,000 మందిని చూసి, నటన తెలియని అక్కడి మనుషుల్నే ఎంచుకున్నారు. షూటింగ్‌కి ముందు వాళ్లని ఒక కుటుంబంలా కలిసి గడపమన్నారు. అందుకే అన్నం దగ్గర వాళ్ల గొడవలు అంత సహజంగా ఉంటాయి.

కథ ఇది. అంతర్యుద్ధం రోజుల్లో పిన్యోల్ అనే భూస్వామిని సొలే కుటుంబం దాచి కాపాడింది. కృతజ్ఞతగా ఆయన భూమి ఇచ్చాడు, నోటి మాట మీద. తరాలు గడిచాయి. ఇప్పుడు మనవడు పిన్యోల్ చెట్లు తీసేసి సోలార్ ప్యానెల్స్ పెడతానంటాడు. "కాగితం ఏది?" అంటే సొలే తాత దగ్గర ఏమీ లేదు.

ఇక్కడ నాకు గట్టిగా తగిలింది. టెక్ ఫెస్ట్ పోస్టర్ మీద మేం సోలార్ ప్యానెల్ బొమ్మ వేసి కింద 'గ్రీన్ ఫ్యూచర్' అని రాశాం. ఆ ప్యానెల్ కింద ముందు ఏముండేదో ఎవరం అడగలేదు. సినిమా సోలార్‌ని తిట్టదు. పండుకి గిట్టుబాటు ధర లేక రైతులు రోడ్డెక్కడం కూడా చూపిస్తుంది. కానీ నిర్ణయం ఎవరు తీసుకున్నారు, నష్టం ఎవరికి అని మాత్రం మనల్ని అడుగుతుంది.

మొదట్లో పిల్లలు ఆడుకునే పాత కారుని ఒక క్రేన్ ఎత్తుకుపోతుంది. చివర్లో కుటుంబమంతా పీచ్ పండ్లు డబ్బాల్లో నిల్వ పెట్టుకుంటుంటే, అవతల యంత్రం చెట్లు పెకిలిస్తుంది. ఆట స్థలంతో మొదలై బతుకు దాకా వచ్చింది అన్నమాట.

రోమెరియా

2025లో కాన్ పోటీ విభాగంలో ప్రదర్శించిన సినిమా ఇది. రోమెరియా అంటే తీర్థయాత్ర. పద్ధెనిమిదేళ్ల మరీనా సినిమా చదువుకి స్కాలర్‌షిప్ కావాలంటే తండ్రి ఎవరో కాగితం మీద ఉండాలి. దానికోసం ఎన్నడూ చూడని నాన్న తరఫు వాళ్లని వెతుక్కుంటూ వీగో నగరానికి వెళ్తుంది. అల్కర్రాస్‌లో కాగితం లేక భూమి పోతే, ఇక్కడ కాగితం లేక కూతురే లేనట్టయింది.

నాకేం మిగిలింది?

మా తాతయ్య కూడా కౌలు రైతే. రెండేళ్ల క్రితం "అగ్రిమెంట్ లేదా తాతయ్యా?" అని నవ్వాను. ఆయన "మాటుంది కదరా" అన్నాడు. అప్పుడది అమాయకత్వం అనుకున్నాను. సినిమా అయ్యాక రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి, ఆ మాట ఎవరు ఎవరికి ఎప్పుడు ఇచ్చారో చెప్పమన్నాను. నలభై నిమిషాలు చెప్పాడు, మా ఊరి యాసలో. రికార్డ్ చేసుకున్నాను. కొన్ని పదాలు నాకు తెలియవు. అడిగి రాసుకుంటున్నాను.