రైన్ నదీతీర దుర్గములు

యూరపు ఖండమునందలి మహానదులలో రైన్ ఒకటి. అది స్విట్జర్లాండు దేశమున ఆల్ప్స్ పర్వతములలో పుట్టి, సుమారు 1,230 కిలోమీటర్లు ప్రవహించి, నెదర్లాండ్సు దేశమున ఉత్తర సముద్రమును చేరును. జర్మనీలో బింగెన్ పట్టణము మొదలు కోబ్లెంజ్ నగరము వరకు గల 65 కిలోమీటర్ల మేర ఈ నది కొండల నడుమ ఇరుకైన లోయలో ప్రవహించును. కొండవాలులపై ద్రాక్షతోటలు, నీటి యొడ్డున చిన్న చిన్న పట్టణములు, శిఖరములపై కోటలు కన్పట్టును. ఈ కొద్ది దూరములోనే సుమారు నలువది దుర్గములు కలవు. 2002లో యునెస్కో సంస్థ ఈ లోయను ప్రపంచ వారసత్వ స్థలముగా ప్రకటించినది.

ఒక్క లోయలో ఇన్ని కోటలేల? శత్రువులనుండి ప్రజలను కాపాడుటకని మనకు తోచవచ్చును. అది కొంతవరకే నిజము. మధ్యయుగమున మంచి బాటలు లేవు. ద్రాక్షసారాయము, ఉప్పు, కలప, వస్త్రములు మొదలగు సరకులన్నియు నదిమీదనే పోవలెను. లోయ యంతయు ఒక్క రాజు చేతిలో లేదు. పలువురు ప్రభువులును మతాధికారులును దానిని ముక్కలుగా పంచుకొని యేలుచుండిరి. తన హద్దులోనికి వచ్చిన ప్రతి పడవను ఆపి సుంకము గొనుట వారిలో ననేకులకు ముఖ్యమైన రాబడి. సుంకము వసూలు చేయువానికి పడవలను దూరమునుండి చూచుటకు ఎత్తైన చోటును, కట్టనివానిని లొంగదీయుటకు బలమును కావలెను. ఈ రెండును కోటవలన సమకూడినవి.

బింగెన్ వద్ద నది నడుమ చిన్న లంకలో ఒక బురుజు గలదు. దానిని ఎలుకల బురుజు అందురు. కరవు కాలమున ధాన్యమును కొట్లలో దాచి, అన్నమడిగిన బీదలను కాల్పించిన హాట్టో అను ఆర్చిబిషప్పును ఎలుకలు వెంటాడెననియు, అతడు ఈ బురుజులో దాగినను నదిని ఈది వచ్చి అతనిని కొరికి చంపెననియు కథ. జర్మను భాషలో ఎలుకను ‘మౌస్’ అందురు. సుంకమునకు ‘మౌట్’ అను మాట యున్నది. సుంకపు బురుజే జనుల నోట ఎలుకల బురుజైనదని కొందరు పండితుల యభిప్రాయము. ఏమైనను, ఆ కథలో కసి యున్నది. బీదలు తమ ప్రభువులను గూర్చి యేమనుకొనుచుండిరో అది చెప్పకయే చెప్పుచున్నది.

బింగెన్ నుండి ఓడలో కొంత దూరము పోగా ఎడమ యొడ్డున బాఖరాఖ్ పట్టణము వచ్చును. కర్రదూలముల చట్రముల నడుమ మట్టి నింపి కట్టిన పాత యిండ్లకు ఇది పేరుగాంచినది. దానిపై నున్న ష్టాలెక్ కోటలో నేడు యాత్రికులైన యువజనులకు వసతిగృహము నడుచుచున్నది. ఒకనాడు సైనికులు కావలి కాచిన చోట నేడు మీ యీడు పిల్లలు మంచములు పరచుకొని నిద్రింతురు.

తరువాత వచ్చు కౌబ్ వద్ద గల కోట, ఇతర దుర్గములవలె కొండమీద కాక, నది నడుమనే రాతిదిబ్బపై నిలిచియున్నది. దానిని 1327 ప్రాంతమున బవేరియా వంశపు రాజగు లుడ్విగ్ సుంకము కొరకే కట్టించెను. దూరమునుండి చూచినచో లంగరు వేసిన ఓడవలె కన్పట్టును. ప్రవాహమున కెదురుగా నున్న కొన, ఓడ ముక్కువలె వాడిగా నుండి, శీతకాలమున కొట్టుకొని వచ్చు మంచుగడ్డలను చీల్చును. ఆ దినములలో నదికి అడ్డముగా గొలుసు కట్టెడివారు. సుంకము చెల్లించినగాని పడవ కదలరాదు. 1868లో రైన్ తీర రాజ్యములు మాన్‌హైమ్ నగరమున చేసికొన్న ఒడంబడిక ననుసరించి నదిపై సుంకములు లేకుండ పోయినవి. నేడు కౌబ్ పేరు మరియొక కారణమున ఓడవారికి కంఠస్థము. అచట నీటిమట్టమును తెలుపు కొలబద్ద యొకటి యున్నది. ఓడలో ఎంత బరువు నింపవచ్చునో ఆ యంకెను చూచి నిశ్చయింతురు. 2018 అక్టోబరులో వానలు లేక ఆ కొలబద్ద 25 సెంటీమీటర్లకు దిగినది. సరకులు చేరక కర్మాగారములు సైతము ఇక్కట్లు పడినవి.

కౌబ్ దాటిన పిమ్మట నది మరింత ఇరుకగును. అచట 132 మీటర్ల యెత్తున లోరెలై అను కొండ నిలువుగా లేచియున్నది. దానిపై నొక సుందరి కూర్చుండి తల దువ్వుకొనుచు పాడుననియు, ఆ పాటకు మైమరచిన నావికులు రాళ్లకు తాకి మునుగుదురనియు కవులు వ్రాసిరి. ఇది ప్రాచీనగాథ యని చాలమంది తలతురు. కాని దీనిని 1801లో క్లెమెన్స్ బ్రెంటానో అను కవి కల్పించెను. హైన్రిఖ్ హైనే 1824లో వ్రాసిన గీతముతో అది లోకమెల్ల ప్రాకినది. సుందరి కల్పితమైనను అపాయము కల్పితము కాదు. 2011 జనవరిలో గంధకామ్లమును మోసికొని పోవు ఓడ యొకటి ఈ కొండ సమీపముననే బోర్లపడినది.

ఆవల సంక్ట్ గోవార్ పట్టణముపై రైన్‌ఫెల్స్ కోట శిథిలములు కలవు. 1245లో కాట్జెనెల్న్‌బోగెన్ వంశపు ప్రభువగు డీటర్ దీనిని కట్టించి, సుంకమును హెచ్చించెను. వర్తకులు సహింపలేకపోయిరి. 1254లో మైన్స్, వోర్మ్స్ మొదలగు నగరములు కలిసి, అన్యాయపు సుంకములను మాన్పుటకై ఒక కూటమిగా నేర్పడినవి. మరుసటి సంవత్సరము వారి సేనలు రైన్‌ఫెల్స్‌ను ముట్టడించి, ఏడాదికి పైగా కాచుకొని కూర్చుండెను. కోట లొంగలేదు. 1692లో ఫ్రెంచివారి మహాసైన్యమునకును అది లొంగలేదు. అట్టి కోట 1794లో ఫ్రెంచి విప్లవసేనకు పోరు లేకయే వశమైనది! వారు దానిని మందుగుండుతో కూల్చివేసిరి.

ఈ లోయలోని కొండకోటలలో ఎన్నడును కూలనిది బ్రౌబాఖ్ పట్టణముపై నున్న మార్క్స్‌బుర్గ్ ఒక్కటియే. 1900లో దానిని జర్మను దుర్గసంరక్షణ సంఘము కొని నేటికిని కాపాడుచున్నది. కోట జీవితము వైభవముతో నిండినదని తలచువారు దీనిని తప్పక చూడవలెను. రాతిని చెక్కిన మెట్లు, చీకటి గదులు, పెద్ద పొయ్యి గల వంటశాల, గోడ వెలుపలికి పొడుచుకొని వచ్చిన మరుగుగది. శీతకాలమున వెచ్చదనము పొయ్యి చుట్టు కొద్ది అడుగుల మేర మాత్రమే. తక్కిన గదులలో ప్రభువైనను వణుకవలసినదే.

తక్కిన దుర్గములలో పెక్కింటిని 1689 ప్రాంతమున ఫ్రాన్సు రాజగు పదునాలుగవ లూయీ సేనలు తగులబెట్టినవి. నూరేండ్లకు పైగా అవి మొండిగోడలై పడియుండెను. పందొమ్మిదవ శతాబ్దమున కవులును చిత్రకారులును వచ్చి ఆ మొండిగోడలలోనే యందమును చూచిరి. ఆంగ్ల చిత్రకారుడగు టర్నర్ 1817లో ఈ తీరమున తిరిగి అనేక చిత్రములు వ్రాసెను. 1827 నుండి ఆవిరి పడవలు క్రమముగా నడువసాగెను. యాత్రికులు వెల్లువగా వచ్చిరి. ధనవంతులకు కోటలు కట్టించు కోరిక పుట్టినది. 1823లో కోబ్లెంజ్ నగరము తన సమీపమునందలి ష్టోల్జెన్‌ఫెల్స్ శిథిలములను ప్రష్యా యువరాజునకు కానుకగా నిచ్చెను. షింకెల్ అను శిల్పాచార్యుని నమూనాలను బట్టి అచట పసుపురంగు గోడలతో ముచ్చటైన భవన మొకటి లేచినది. చూచుటకు కన్నులపండువే, కాని అది మధ్యయుగపు కోట కాదు, మధ్యయుగమును గూర్చి ఒక యువరాజు కన్న కల.

కూలిన కోటను మరల కట్టవలెనా, ఉన్నదానిని ఉన్నట్లు నిలుపవలెనా? ఈ ప్రశ్నపై గొప్ప వాదము చెలరేగిన చోటు, రైన్ ఉపనదియగు నెకర్ ఒడ్డునున్న హైడెల్‌బెర్గ్. 1386లో స్థాపింపబడిన విశ్వవిద్యాలయముచే ఆ నగరము ప్రసిద్ధము. దానిపై నెఱ్ఱరాతి కోటను 1689లోను 1693లోను ఫ్రెంచి సేనలు ధ్వంసము చేసినవి. మిగిలినదానికి 1764లో పిడుగు పడి నిప్పంటుకొన్నది. పిదప ఊరివారు ఇండ్ల కొరకు దాని రాళ్లను మోసికొనిపోవుచుండిరి. దానిని మాన్పించుటకు పాటుపడినవాడు గ్రెంబెర్గ్ అను ఫ్రెంచి ప్రభువు! ఇతడు తన దేశమున విప్లవము రాగా వలస పోయి, 1810లో హైడెల్‌బెర్గ్ చేరి, ఆ శిథిలములకు తానే కావలివాడై, వాని చిత్రములను ముద్రించి లోకమునకు చూపెను.

1900 నాటికి కోటలో ఒక భవనమును పూర్తిగా బాగుచేసిరి. తక్కినవానిని కూడ అట్లే కట్టవలెనని కొందరు పట్టుపట్టిరి. గేయోర్గ్ డేహియో అను కళాచరిత్రకారుడు అందుల కెదురు నిలిచెను. పోయినది పోయినదే; నేటి రాతిని నాటి రాతివలె చూపుట మోసమే; ఉన్నది చెడకుండ చూచుటయే మన పని యని అతని వాదము. వాదము చాలకాలము సాగి, తుదకు అతని పక్షమే గెలిచినది.

అందుచే తక్కిన భవనములలో పెక్కు నేటికిని శిథిలములుగనే యున్నవి. ఆటో హైన్రిఖ్ రాజు కట్టించిన భవనమునకు కప్పు లేదు. కిటికీలగుండ ఆకాశము కన్పట్టును. తూర్పువైపున మందుగుండు బురుజు నిలువున చీలియున్నది. దాని సగము 1693లో ఒక్క ముక్కగా విరిగి అగడ్తలో పడినది. నేటికిని అచటనే, పడినట్లే యున్నది.