కొత్త కోడిని ఇంటికి తెచ్చే ముందు

రాంగోపాల్‌పేట్‌లోని ఒక బస్తీలో అత్తాకోడళ్ళు ఉన్నారు. వాళ్ళ ఇంటి వెనక చిన్న జాగా ఉంది. అందులో అత్త 8 కోళ్ళను పెంచింది. ఇంట్లోకి గుడ్లు వచ్చేవి. మిగిలిన గుడ్లు ఇరుగుపొరుగు వాళ్ళు కొనేవారు. ఆ పైసలతో మనవరాలి బడి ఖర్చు వెళ్ళేది.

ఆషాఢం వచ్చింది. బోనాల పండుగ ఇంకా వారం ఉంది. కోడలు అంగడికి పోయింది. ఒక పుంజు అగ్గువకు దొరికింది. దాన్ని తెచ్చి ఇంటి కోళ్ళతోనే గంప కింద మూసింది.

మూడో రోజున పుంజు ముడుచుకొని కూర్చుంది. నోరు తెరిచి రొప్పింది. ఆకుపచ్చగా పారింది. ఐదో రోజున చచ్చిపోయింది. పండుగ దాటాక ఇంటి కోళ్ళకూ అదే రోగం పట్టింది. కొన్నిటికి మెడలు వంకర తిరిగాయి. ఎనిమిదింటిలో ఒక్కటీ మిగలలేదు.

"ఏ రోగం లేదన్నడు అత్తమ్మా" అని కోడలు ఏడ్చింది.

"అమ్మేటోడు ఉన్నదంటడా బిడ్డా? మనమే చూసుకోవాలె" అంది అత్త.

ఇద్దరూ పశువుల దవాఖానకు పోయారు. డాక్టరమ్మ అంతా విన్నది.

"ఇది కొక్కెర తెగులు లాగుంది. దీన్నే రాణిఖేత్ రోగం అంటారు. 1927లో రాణిఖేత్ అనే కొండ ఊరిలో మన దేశంలో దీన్ని గుర్తించారు. అందుకే ఆ పేరు. వచ్చాక మందు లేదు. రాకముందు టీకా ఉంది" అని చెప్పింది.

"చచ్చిన కోళ్ళను ఏం చేశారు?" అని అడిగింది.

"నాలాలో పారేసినం."

"అది తప్పమ్మా. రోగం ఇంకో బస్తీకి పోతుంది. లోతుగా గుంత తీసి, సున్నం చల్లి పూడ్చాలి. ఒకేసారి చాలా కోళ్ళు చస్తే ముట్టుకోవద్దు. వెంటనే మాకు చెప్పాలి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్ళకు బర్డ్ ఫ్లూ వచ్చింది. ఆ రోగం మనుషులకూ సోకవచ్చు."

"ఇంక నుంచి మంచిగ చూసి కొంటే సరిపోతదా అమ్మా?" అంది కోడలు.

"సరిపోదు. కొక్కెర బయటపడటానికి 2 నుంచి 15 రోజులు పడుతుంది. అందాకా కోడి బాగున్నట్టే కనిపిస్తుంది. అందుకే మూడు పనులు చేయాలి."

డాక్టరమ్మ చెప్పిన మూడు పనులు ఇవి:

1. చూడాలి. కళ్ళు మెరుస్తూ ఉండాలి. ముక్కు కారకూడదు. ఊపిరి తీస్తే గురగుర చప్పుడు రాకూడదు. తోక కింద ఈకలకు రెట్ట అంటి ఉండకూడదు. రెక్కలు ఎత్తి పేలు ఉన్నాయేమో చూడాలి. ఆ మందలో ఒక్క కోడి ముడుచుకొని ఉన్నా, అక్కడ ఏ కోడినీ కొనవద్దు.

2. అడగాలి. ఎక్కడ పెరిగింది? ఏ టీకాలు వేశారు? ఎప్పుడు వేశారు? ఈ మధ్య ఆ మందలో కోళ్ళు చచ్చాయా? రోగం వచ్చి తేరుకున్న కోడి కూడా కొంతకాలం రోగాన్ని పంచగలదు. కోడిపిల్లల్ని కొంటే తల్లికోళ్ళ సంగతీ అడగాలి. తెల్లపారుడు రోగం తల్లి నుంచి గుడ్డు ద్వారా పిల్లకు వస్తుంది.

3. వేరుగా ఉంచాలి. కొత్త కోడిని 3 వారాలు దూరంగా కట్టేయాలి. దాని గింజల గిన్నె, నీళ్ళ గిన్నె వేరుగా ఉండాలి. ముందు పాత కోళ్ళకు మేత వేయాలి. తరువాతే కొత్త కోడి దగ్గరకు పోవాలి. వచ్చాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

అత్తాకోడళ్ళు ఇంటికి వచ్చారు. గంపను, గిన్నెలను సబ్బు నీళ్ళతో కడిగి ఎండలో పెట్టారు. జాగా ఊడ్చి సున్నం చల్లారు. కొన్నాళ్ళు ఖాళీగా వదిలేశారు.

తరువాత వనరాజా పిల్లల్ని తెచ్చుకున్నారు. పెరటిలో పెంచుకోవడానికని వనరాజా కోళ్ళను హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థలో తయారు చేశారు. ఒక్క రోజు పిల్లలప్పుడే మారెక్స్ టీకా వేయించి తెచ్చారు.

కొక్కెర టీకా 5 నుంచి 7 రోజుల లోపల మొదటిసారి వేయాలి. కంట్లో గానీ ముక్కులో గానీ ఒక చుక్క చాలు. నాలుగో వారంలో మళ్ళీ వేయాలి. ఎనిమిదో వారంలో రెక్క కింద సూది వేయించాలి. టీకా మందును ఐసులో పెట్టి తేవాలి. వేడి తగిలితే అది పని చేయదు.

కోడలు అక్షరాస్యత కేంద్రంలో చదువు నేర్చుకుంది. గోడ మీది క్యాలెండరులో టీకా తేదీలు తనే రాసింది.

మొన్న పక్కింటి ఆమె ఒక కోడిని తెచ్చింది. "అగ్గువకు వచ్చింది, మీ గంప కింద మూయండి" అంది.

"మూడు వారాలు మీ ఇంట్లోనే ఉండనీ వదినా" అంది కోడలు. అత్త నవ్వింది.

చెప్పండి:
1. ఇంటి కోళ్ళకు రోగం ఎలా వచ్చింది?
2. కొత్త కోడిని ఎన్ని వారాలు వేరుగా ఉంచాలి? ఎందుకు?
3. చచ్చిన కోళ్ళను నాలాలో ఎందుకు పారేయకూడదు?

రాయండి:
మీ ఇంట్లో కోళ్ళు ఉంటే, వాటికి టీకా వేయించిన తేదీలు రాయండి. వేయించకపోతే, ఏ రోజున వేయిస్తారో రాసుకోండి.