నా ఇష్టం మర్యాదగా చెబుతాను

రాజాం బజారులో టీ అడగడానికి ఇంగ్లీషు అక్కరలేదు. "ఒక టీ ఇయ్యి బాబూ" అంటే చాలు. కాని మన వైపు నుంచి ఎందరో పని కోసం విశాఖపట్నం, హైదరాబాదు, చెన్నై వెళుతున్నారు. అక్కడ ఆసుపత్రిలో, బ్యాంకులో ఇంగ్లీషు మాటలు ఎదురవుతాయి. నాలుగు మాటలు వస్తే మన ఇష్టం మనమే చెప్పుకోవచ్చు. ఆ మాటలు నేర్చుకుందాం.

మన "అండి", వాళ్ళ "వుడ్"

మనం చిన్నవాళ్ళను "నువ్వు" అంటాం. పెద్దవాళ్ళను "మీరు" అంటాం. "ఇయ్యి" వేరు, "ఇవ్వండి" వేరు. ఇంగ్లీషులో అందరికీ ఒకటే మాట: "యూ". మరి మర్యాద ఎలా తెలుస్తుంది? "వుడ్", "ప్లీజ్" అనే మాటలతో తెలుస్తుంది.

చదవండి:

ఐ వాంట్ టీ. = నాకు టీ కావాలి.
ఐ వుడ్ లైక్ టీ, ప్లీజ్. = నాకు టీ కావాలండి.

మొదటిది తప్పు కాదు. కాని కొంచెం గట్టిగా వినిపిస్తుంది. రెండోది మెత్తగా ఉంటుంది.

"వుడ్" వదిలేసి "ఐ లైక్ టీ" అంటే అర్థం మారిపోతుంది. "నాకు టీ అంటే ఇష్టం" అని చెప్పినట్టు అవుతుంది. టీ అడిగినట్టు కాదు!

రెండింటిలో ఒకటి

ఐ వుడ్ ప్రిఫర్ టీ టు కాఫీ. = కాఫీ కన్నా టీ అయితే బాగుంటుందండి.

చూశారా? తెలుగులో అక్కరలేనిది ముందు చెప్పాం. ఇంగ్లీషులో కావలసినది ముందు వస్తుంది. తారుమారు చేస్తే కాఫీయే వస్తుంది!

వద్దు అనాలంటే:

ఐ వుడ్ రాదర్ నాట్. = వద్దులెండి.

తల్లీ కూతురూ

కూతురు: అమ్మా, ఆసుపత్రికి ఎల్దాం రా.
తల్లి: మగ డాక్టరయితే నాను రాను. సిగ్గుగా ఉంటాది.
కూతురు: ఆ మాటే అక్కడ చెప్పు. "ఐ వుడ్ ప్రిఫర్ ఎ లేడీ డాక్టర్" అను.
తల్లి: అలగంటే కోప్పడరేటి?
కూతురు: ఎందుకమ్మా కోపం? మర్యాదగానే కదా అడుగుతున్నావు.
తల్లి: లేడీ డాక్టరు లేకపోతేనో?
కూతురు: "ఐ వుడ్ లైక్ మై డాటర్ టు స్టే విత్ మీ" అను. నేను నీ పక్కనే ఉంటాను.

కూతురు చెప్పింది నిజం. 2019లో కేంద్ర ఆరోగ్య శాఖ రోగుల హక్కుల పత్రాన్ని అమలు చేయమని రాష్ట్రాలను కోరింది. మగ డాక్టరు ఆడవాళ్ళను పరీక్ష చేసేటప్పుడు మరో ఆడమనిషి పక్కన ఉండాలని అందులో ఉంది. అడగడం మన హక్కు. సిగ్గుపడి ఇంట్లో కూర్చుంటే రోగం ముదురుతుంది.

గుర్తుంచుకోండి

మర్యాద వేరు, భయం వేరు. ఎవరైనా చెడుగా ప్రవర్తిస్తే "వుడ్" అక్కరలేదు. "నో!" అని గట్టిగా అనండి.

చేయండి

1. ఖాళీలు నింపండి: ఐ ______ లైక్ వాటర్, ______.
2. బస్సు కన్నా రైలు మీకు ఇష్టం. ఎలా చెబుతారు? ఐ వుడ్ ప్రిఫర్ ______ టు ______.
3. మీ ఇంట్లో ఏయే విషయాల్లో మీ ఇష్టం అడుగుతారు? ఏయే విషయాల్లో అడగరు? తోటివారితో మాట్లాడండి. రెండు వాక్యాలు రాయండి.