బాల్యదోషం – రక్షకభట పదవి

రక్షకభట శాఖలో చేరదలచిన యువకునికి దేహదారుఢ్య పరీక్ష, పరుగు, వ్రాత పరీక్ష – ఈ మూడే పెద్ద అవరోధాలని సాధారణంగా మనం భావిస్తూ ఉంటాం. కాని వాటన్నిటిలో నెగ్గిన తరువాత చేతికి వచ్చే ఒక కాగితం కొందరి పాలిట అంతకంటె కఠినమైన పరీక్ష అవుతున్నది. అదే అటెస్టేషన్ ఫారం. మీరు ఎన్నడైనా అరెస్టు అయినారా? మీపై కేసు నడిచినదా? శిక్ష పడినదా? అని అందులో ప్రశ్నలుంటాయి. పదిహేనవ ఏట వీధి తగవులో చేయి చేసుకొని బాల న్యాయమండలి ఎదుట నిలిచిన ఒక బాలుడు, ఇరవై రెండవ ఏట ఆ ప్రశ్నల ముందు కలం పట్టుకొని కూర్చున్నాడనుకుందాం. నిజం వ్రాస్తే ఉద్యోగం పోతుందేమోనని భయం. వ్రాయకపోతే దాచినట్లవుతుందేమోనని భయం. ఈ సందిగ్ధాన్ని గూర్చి మన చట్టం ఏమి చెబుతున్నదో విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

చట్టం చెప్పేది

మన దేశంలో బాలల నేరాలను విచారించడానికి 1986లో దేశమంతటికీ వర్తించే ఒక చట్టం వచ్చింది. అందులో బాలురకు పదహారు, బాలికలకు పద్దెనిమిది సంవత్సరాల వయోపరిమితి ఉండేది. 2000 నాటి చట్టం ఇరువురికీ పద్దెనిమిదిగా నిర్ణయించింది. ఇప్పుడు అమలులో ఉన్నది 2015 నాటి బాల న్యాయ చట్టం. ఇది 2016 జనవరి 15 నుండి అమలులోకి వచ్చింది.

ఈ చట్టం 3వ సెక్షనులో పేర్కొన్న మూలసూత్రాలలో ఒకటి, బాలునికి జీవితాన్ని మళ్ళీ కొత్తగా ప్రారంభించే అవకాశం ఇవ్వాలన్నది. ఆ సూత్రానికి 24వ సెక్షను ఆచరణరూపం ఇచ్చింది. బాలుడు నేరం చేసినట్లు తేలి, ఈ చట్టం ప్రకారం అతని విషయం పరిష్కారమైతే, శిక్షకు గురైనవారికి మామూలుగా సంక్రమించే అనర్హత ఏదీ అతనికి వర్తించదు. అప్పీలు గడువు ముగిసేవరకు గాని, ఏడు సంవత్సరాలు గాని ఆ రికార్డులను భద్రపరచి, పిమ్మట నాశనం చేయాలని 2016 నాటి ఆదర్శ నియమావళి నిర్దేశిస్తున్నది. ముగిసిపోయిన కేసులలో బాలుని రికార్డును నడవడి ధ్రువపత్రం కొరకు గాని, మరి దేనికొరకు గాని పోలీసులు వెల్లడించరాదని 74వ సెక్షను శాసిస్తున్నది.

అయితే దీనికి ఒక మినహాయింపు కలదు. పదహారు నిండిన బాలుడు, ఏడేళ్ళకు తక్కువ కాని కనీస శిక్ష గల ఘోర నేరం చేసినాడన్న ఆరోపణ వస్తే, మండలి ప్రాథమిక పరిశీలన జరిపి, కేసును బాలల న్యాయస్థానానికి పంపవచ్చు. ఆ న్యాయస్థానం అతనిని వయోజనునివలె విచారించి దోషిగా తేల్చినచో పై రక్షణ లభించదు.

న్యాయస్థానాల దృష్టి

కేంద్ర భద్రతా దళంలో ఉద్యోగానికి ఎంపికైన ఒక యువకుని విషయం సుప్రీంకోర్టు ఎదుటకు వచ్చినప్పుడు, 2019 నవంబరులో న్యాయస్థానం ఈ సూత్రాన్నే స్థిరపరచింది. ఆరోపణ నాటికి అతడు మైనరు. కేసు కూడా కొట్టివేయబడింది. ఒకవేళ శిక్ష పడి ఉన్నప్పటికీ, మైనరుగా ఉన్ననాటి నేరాన్ని ఉద్యోగానికి అడ్డుగా చూపరాదని, ఆ కళంకాన్ని తుడిచివేయడమే చట్టం ఆశయమని తీర్పు చెప్పింది.

సమాచారాన్ని దాచడం వేరొక ప్రశ్న. 2016 నాటి అవతార్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దీనిని విపులంగా చర్చించింది. అభ్యర్థి ఇచ్చే సమాచారం సత్యమై ఉండాలి. నిజం చెప్పినప్పటికీ పూర్వ చరిత్రను పరిశీలించే హక్కు నియామకాధికారికి కలదు. చిన్న వయసులో నినాదాలు చేయడంవంటి స్వల్ప విషయాన్ని దాచినా క్షమించవచ్చు. ఫారంలో స్పష్టంగా అడగని దానిని చెప్పనందుకు దోషం ఎంచరాదు – ఇవి ఆ తీర్పులోని ముఖ్యాంశాలు.

అంతకుముందు 2011లో, ఇరవై ఏళ్ళ ప్రాయంలో ఒక తగవులో ఇరుక్కొని, ఢిల్లీ పోలీసు ఉద్యోగానికి దరఖాస్తు చేసేటప్పుడు ఆ సంగతి చెప్పని యువకుని సుప్రీంకోర్టు మన్నించింది. ఆ తీర్పులో విక్టర్ హ్యూగో సృష్టించిన జీన్ వాల్జీన్ ప్రస్తావన ఉన్నది. రొట్టెముక్క దొంగిలించి జీవితాంతం దొంగ అనే ముద్ర మోసిన ఆ పాత్ర తెలుగువారికి కొత్తది కాదు. చిత్తూరు నాగయ్య నటించగా 1950లో వచ్చిన 'బీదలపాట్లు' చలనచిత్రానికి మూలం ఆ కథే.

ఒక ఆక్షేపణ

రక్షకభటుని చేతికి సంఘం ఆయుధాన్నీ, అధికారాన్నీ అప్పగిస్తున్నది గదా, అతని గతాన్ని తెలుసుకొనే హక్కు సంఘానికి లేదా? అని కొందరు ప్రశ్నిస్తారు. ఇది త్రోసివేయదగిన మాట కాదు. పోలీసు శాఖలో చేరేవారి నడవడి మచ్చలేనిదై ఉండాలని, కేసు కొట్టివేయబడినంత మాత్రాన ఉద్యోగం హక్కు కాజాలదని 2013లో సుప్రీంకోర్టే వేరొక కేసులో చెప్పింది. కాని వయోజనుడు తెలిసి చేసిన నేరం వేరు, మీసం మొలవని ప్రాయంలో ఆవేశంతో చేసిన తప్పు వేరు. ఈ భేదాన్ని చట్టమే పాటిస్తుండగా మనం విస్మరించడం న్యాయం కాదు. ఉర్దూలో తౌబా అన్నా, తెలుగులో పశ్చాత్తాపమన్నా, తప్పు తెలుసుకొని మరలినవానికి తలుపు తెరచి ఉంచాలనే భావమే రెండింటిలోనూ ఉన్నది. పేదల వాడలలో పెరిగి, పోలీసు ఠాణాను లోపలినుండి చూసిన బాలుడు రేపు ఆ ఠాణాలోనే కూర్చుంటే, తన ఎదుట నిలిచిన మరొక బాలుని మనసు అతనికి అర్థమయ్యే అవకాశం ఎక్కువ కాదా?

మా మనవి

సోదర విద్యార్థులకు మేము చెప్పదలచినది మూడు మాటలు. ఫారంలోని ప్రశ్నను అక్షరం అక్షరం చదవండి; ఏమి అడిగినారో అర్థం కానిదే సంతకం చేయవద్దు. బాల న్యాయమండలి ఉత్తర్వు ప్రతి దొరికితే జాగ్రత్తపరచుకోండి. సందేహం కలిగినప్పుడు వీధిలో దొరికే సలహాను నమ్మక, జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించండి. 1987 నాటి చట్టం ప్రకారం స్త్రీలకు, బాలలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి, నిర్ణీత ఆదాయంలోపు పేదలకు అక్కడ ఉచితంగా న్యాయసహాయం లభిస్తుంది.

కళాశాల పాలక సంఘం వారికి మా విన్నపం ఒక్కటే. ప్రతి సంవత్సరం పోలీసు నియామకాలకు దరఖాస్తు చేసే విద్యార్థుల కొరకు ఒక న్యాయవాదిని పిలిపించి, ఒక పూట ఈ విషయం చెప్పించవలసింది. ఖర్చు స్వల్పం. చట్టం తనకిచ్చిన రక్షణ సంగతి తెలియక, భయంతో దరఖాస్తే పెట్టకుండా వెనుదిరిగే ఒక్క విద్యార్థిని అది నిలబెట్టినా చాలునని మేము భావిస్తున్నాము.