లైవ్ లింక్ ఉండగా చర్చికి ఎందుకు వెళ్లాలి? | హెబ్రీయులకు 10:24-25 ధ్యానం

 

ఈ వారం వీడియోలో సమయం సరిపోక కొన్ని విషయాలు పైపైన చెప్పి వదిలేశాను. వాటిని ఇక్కడ కొంచెం నిదానంగా ధ్యానం చేద్దాం. చదవబోయే ముందు మీ బైబిల్ తెరిచి హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 10వ అధ్యాయం 19 నుండి 39 వచనాలు ఒకసారి చదువుకోండి. ఫోన్‌లో కాకుండా పుస్తకంలో చదివితే ఇంకా మంచిది, మధ్యలో నోటిఫికేషన్లు రావు.

ముందుగా నా తప్పు ఒప్పుకోవాలి

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. ఆ సంవత్సరం ఈస్టర్ ఏప్రిల్ 12న వచ్చింది. మందిరాలన్నీ మూసి ఉన్నాయి. మా ఇంట్లో అమ్మ, నాన్న, నేను ముగ్గురం తెల్లారగట్లే లేచి, స్నానాలు చేసి, కొత్త బట్టలు కట్టుకుని టీవీ ముందు చాప మీద కూర్చున్నాం. ఆ రోజు ఆ లైవ్ లేకపోతే మాకు ఆరాధనే లేదు. దాని కోసం ఇప్పటికీ దేవునికి స్తోత్రం చెబుతాను.

జూన్ 8 నుండి ప్రార్థనా మందిరాలు తెరవడానికి ప్రభుత్వం అనుమతించింది. కొన్నాళ్లకు మా సంఘం కూడా తెరిచారు. అమ్మానాన్న మాస్కులు పెట్టుకుని వెళ్లారు. నేను వెళ్లలేదు. మొదట్లో కరోనా భయం, అది నిజమే. తర్వాత ఆదివారం ఆన్‌కాల్ డ్యూటీ అన్నాను, అది సగం నిజం. ఆ తర్వాత కారణం చెప్పడం కూడా మానేశాను. ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చాక ఇక అడిగేవాళ్లే లేరు. రూమ్‌లో మంచం మీద పడుకుని మా ఊరి సంఘం లైవ్ చూసేవాడిని. అది కూడా సాయంత్రం, ఒకటిన్నర స్పీడులో. పాటలు వింటాను, వాక్యం వింటాను, మధ్యలో ప్రకటనలు వస్తే ముందుకు జరిపేస్తాను. నన్ను ఎవరైనా అడిగితే, "ఒక్క ఆదివారం కూడా మిస్ అవ్వలేదు" అని గొప్పగా చెప్పేవాడిని.

మా సంఘంలో ఒక తాతగారు ఉండేవారు. కిటికీ పక్కన రెండో వరుసలో కూర్చునేవారు. ఆయనకు చూపు తగ్గాక పాటల పుస్తకంలో నంబరు తీసి ఇవ్వడం నా పని. ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో నాకు రెండు సబ్జెక్టులు పోయాయి. ఇంట్లో చెప్పలేదు. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన నా చెయ్యి పట్టుకుని, "ఏంరా అబ్బాయ్, ఇవాళ నీ గొంతు వినిపించలేదు" అన్నారు. చూపు సరిగా లేని మనిషి నన్ను చూశాడు. నేను అక్కడే ఏడ్చేశాను. ఆయన నాతో పాటు ఇంటికి వచ్చి, నాన్నకు చెప్పేటప్పుడు నా పక్కనే కూర్చున్నారు.

2022లో క్రిస్మస్‌కి ఇంటికి వెళ్లి మందిరంలో అడుగుపెట్టాను. కిటికీ పక్కన వేరే ఎవరో కూర్చున్నారు. "తాతగారు రాలేదా?" అని అమ్మను అడిగాను. అమ్మ నా ముఖంలోకి చూసి, "సెప్టెంబరులోనే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు కదరా. మూడు నెలలు మంచంలో ఉన్నారు. ప్రతి ఆదివారం ప్రకటనల్లో ఆయన కోసం ప్రార్థన చేయమని చెప్పారుగా. నువ్వు చూస్తూనే ఉన్నావనుకున్నాను" అంది.

ప్రకటనలు. నేను ముందుకు జరిపేసినవి అవే.

మంచంలో ఉండగా ఆయన అమ్మను ఒక మాట అడిగారట, "అబ్బాయి అక్కడ ఏ సంఘానికి వెళ్తున్నాడు?" అని. అమ్మ దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి నేను హెబ్రీ పత్రిక 10వ అధ్యాయం తీశాను. అప్పటిదాకా ఆ వచనాన్ని నేను హాజరు పట్టీలాగా చదివాను. ఆ రోజు వేరేగా కనిపించింది. ఆ వచనాల్లోని మూడు మాటలు మీతో పంచుకుంటాను.

1. ఒకరినొకరు గమనించాలి

24వ వచనంలో రచయిత మనల్ని మొదట చేయమన్న పని ఒకరి గురించి ఒకరు ఆలోచించడం. గ్రీకులో ఇక్కడ "కటనోయో" అనే క్రియ ఉంది. శ్రద్ధగా చూడడం, మనసు పెట్టి గమనించడం అని దాని అర్థం. ఇదే పత్రికలో 3:1లో యేసును గమనించండి అని చెప్పడానికి కూడా ఈ క్రియనే వాడారు. అంటే యేసు వైపు ఎంత శ్రద్ధగా చూడాలో, పక్కనున్న విశ్వాసి వైపు కూడా అలాంటి చూపే ఉండాలి.

లైవ్‌లో నేను పాస్టర్ గారిని చూడగలను, క్వయర్‌ను చూడగలను. కెమెరా వెనకాల కూర్చున్న విధవరాలిని చూడలేను. ఈ వారం ఎవరు రాలేదో, ఎవరు ప్రార్థనలో కన్నీళ్లు తుడుచుకున్నారో, ఎవరి గొంతు వినిపించలేదో నాకు తెలియదు. నేనూ వాళ్లకు కనిపించను.

అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలో త్రోయలో జరిగిన కూడిక గుర్తుందా? పౌలు అర్ధరాత్రి దాకా బోధిస్తుంటే ఐతుకు అనే యువకుడు కిటికీలో కూర్చుని నిద్రపోయి మూడో అంతస్తు నుండి కింద పడ్డాడు. వాక్యం వింటూ నిద్రపోయాడని మనం నవ్వుకుంటాం. కానీ అతను పడినప్పుడు చూసినవాళ్లున్నారు, పౌలు ప్రసంగం ఆపి కిందికి పరుగెత్తాడు, అతన్ని కౌగిలించుకున్నాడు. నేను రూమ్‌లో నిద్రపోతే వీడియో దాని మానాన అది నడుస్తూనే ఉంటుంది.

2. ఒకరినొకరు కదిలించాలి

అదే వచనంలో ప్రేమ చూపడానికి, మంచి పనులు చేయడానికి ఒకరినొకరు పురికొల్పుకోమని ఉంది. ఇక్కడి గ్రీకు మాట "పరోక్సిస్మోస్". కొత్త నిబంధనలో ఇది రెండే చోట్ల వస్తుంది. రెండోది అపొస్తలుల కార్యములు 15:39. అక్కడ పౌలుకు, బర్నబాకు మధ్య వచ్చిన తీవ్రమైన వాదానికి ఆ మాట వాడారు! అంత ఘాటైన మాట అది. దగ్గర దగ్గరగా ఉంటే రాపిడి పుడుతుంది. ఆ రాపిడి తగవు వైపు పోవచ్చు, ప్రేమ వైపూ పోవచ్చు. రచయిత ప్రేమ వైపు మళ్లించమంటున్నాడు.

స్క్రీన్ మీద నాకు నచ్చని ప్రసంగాన్ని ఆపేయవచ్చు. మందిరంలో నా వెనక శ్రుతి తప్పి గట్టిగా పాడే అంకుల్‌ను ఆపలేను. సహనం నేర్చుకోవాల్సింది నేనే. ఒకరి భారములను ఒకరు మోయాలని గలతీయులకు 6:2 చెబుతుంది. నాకు నచ్చినవాళ్లను మాత్రమే ఎంచుకుంటే ఆ వచనాన్ని ఎక్కడ పాటిస్తాను?

3. మానేయడం అంటే విడిచిపెట్టడం

25వ వచనంలో కూడుకోవడం మానవద్దని ఉంది కదా, ఆ మానడం అనే చోట ఉన్న క్రియ "ఎంకటలైపో". ఆపదలో ఒకరిని విడిచి వెళ్లిపోవడానికి వాడే మాట ఇది. 2 తిమోతికి 4:10లో దేమా తనను విడిచి వెళ్లాడని పౌలు బాధతో రాసినప్పుడు ఇదే క్రియ. సిలువ మీద యేసయ్య తండ్రిని, నన్ను ఎందుకు విడిచావు అని అడిగిన చోట కూడా (మత్తయి 27:46) ఇదే.

ఇది నన్ను బాగా గుచ్చింది. నేను ఒక ప్రోగ్రామ్‌కి వెళ్లడం లేదనుకున్నాను. వాక్యం ప్రకారం నేను మనుషులను వదిలేశాను. అందులో చూపు తగ్గిన ఒక తాతగారు ఉన్నారు.

ఈ పత్రిక అందుకున్నవాళ్ల పరిస్థితి కూడా చూడండి. 32 నుండి 34 వచనాల్లో వాళ్లు బహిరంగంగా అవమానాలు పడ్డారని, ఆస్తులు పోగొట్టుకున్నారని, ఖైదులో ఉన్నవారి బాధలో పాలుపంచుకున్నారని ఉంది. కూడిక అంటే వాళ్లకు ప్రమాదం. అయినా రచయిత "ఎవరి ఇంట్లో వాళ్లు భద్రంగా ఉండండి" అనలేదు. ఆ దినము దగ్గరపడే కొద్దీ మరి ఎక్కువగా ఒకరినొకరు హెచ్చరించుకోమన్నాడు.

ఆది సంఘం ఏం చేసింది?

దాదాపు క్రీ.శ. 155 ప్రాంతంలో రోమాలో ఉన్న జస్టిన్ అనే విశ్వాసి, క్రైస్తవుల మీద వేసిన నిందలకు జవాబుగా చక్రవర్తికి ఒక విజ్ఞాపన రాశాడు. తర్వాత ఆయన హతసాక్షి అయ్యాడు. ఆ విజ్ఞాపన 67వ అధ్యాయంలో ఆదివార ఆరాధన ఎలా జరిగేదో వివరించాడు. పట్టణాల్లో, పల్లెల్లో ఉన్నవాళ్లంతా ఒకచోట చేరేవారు. అపొస్తలుల రచనలు, ప్రవక్తల రచనలు సమయం ఉన్నంతవరకు చదివేవారు. పెద్ద బోధించేవాడు. అందరూ లేచి నిలబడి ప్రార్థించేవారు. రొట్టె, ద్రాక్షారసం పంచుకునేవారు. రాలేకపోయినవారికి పరిచారకులు వాటిని తీసుకెళ్లి ఇచ్చేవారు. కానుకలతో అనాథలను, విధవరాండ్రను, రోగులను, ఖైదీలను, పరదేశులను ఆదుకునేవారు.

అప్పుడు ఆదివారం సెలవు లేదు. కాన్‌స్టంటైన్ చక్రవర్తి 321లో ఆదివారాన్ని విశ్రాంతి దినంగా ప్రకటించేదాకా చాలామందికి అది మామూలు పని దినమే. వీకాఫ్ ఉండి కూడా మంచం దిగని నేను ఇది చదివి సిగ్గుపడ్డాను.

రాలేకపోయినవాళ్లను వాళ్లు మర్చిపోలేదు, గమనించారా? ఎవరు రాలేదో తెలియాలంటే ముందు మిగతావాళ్లు కూడుకోవాలి. కూడిన సంఘమే రాలేనివారి ఇంటికి నడిచి వెళ్లింది.

మీరు అడిగే ప్రశ్నలు

"దేవుడు అన్నిచోట్లా ఉన్నాడు కదా బ్రదర్?" ఉన్నాడు. మీ గదిలో మీ ప్రార్థన వింటాడు. కానీ యేసయ్య మత్తయి 18:20లో ఇద్దరు ముగ్గురు కూడిన చోట అన్నాడు. మనం, మన ఫోను కలిపి ఇద్దరం అవ్వం.

"సంఘంలోనే నాకు గాయమైంది." మీ బాధను తక్కువ చేయను. 1 కొరింథీయులకు 11:17లో, మీ కూడికల వల్ల మేలు కంటే కీడే ఎక్కువ జరుగుతోందని పౌలే ఒప్పుకున్నాడు. అక్కడ ఉన్నవాళ్లు తిని మత్తులో ఉంటే, లేనివాళ్లు ఆకలితో కూర్చున్నారు. మన సంఘాల్లో కులం చూసి, డబ్బు చూసి కుర్చీ వేయడం కూడా అలాంటి పాపమే. అయినా పౌలు కూడిక రద్దు చేయమనలేదు, ఒకరి కోసం ఒకరు ఆగమన్నాడు. మీకు నిజంగా అన్యాయం జరుగుతున్న చోటు నుండి బయటికి రావడం తప్పు కాదు. కానీ అక్కడితో ఆగిపోకండి. వాక్యం, ప్రేమ ఉన్న ఇంకో సహవాసం కోసం ప్రార్థించి వెతకండి. పదిమంది ఉన్న గృహ కూడిక అయినా సరే.

"నేను వెళ్లలేను." మంచంలో ఉన్న అమ్మమ్మ, నైట్ డ్యూటీ చేసే నర్సు, గల్ఫ్‌లో ఇంటి పని చేస్తూ బయటికి వెళ్లనివ్వని అక్క, ఇంట్లో ఒప్పుకోక రహస్యంగా ప్రార్థించే చెల్లి, మీ కోసం ఈ వచనం కొరడా కాదు. మీరు ఎవరినీ విడిచిపెట్టలేదు. మీ దగ్గరికి రావాల్సిన బాధ్యత మాది. మీ సంఘంలో ఒక్కరికైనా మీ పరిస్థితి చెప్పండి.

మరి ఈ ఛానల్ ఎందుకు?

యోహాను రెండో పత్రిక 12వ వచనంలో, రాయాల్సినవి చాలా ఉన్నా కాగితం, సిరాతో కాకుండా మీ దగ్గరికి వచ్చి ముఖాముఖిగా మాట్లాడాలని ఉంది, అప్పుడే మన సంతోషం పరిపూర్ణమవుతుంది అన్న భావంతో ఆయన రాశాడు. ఆయన కాగితం వాడాడు. దాంతో సరిపెట్టుకోలేదు. మా వీడియోలు కూడా ఆ కాగితం, సిరా లాంటివే. మేము మీకు బాప్తిస్మం ఇవ్వలేము, ప్రభువు బల్ల ఇవ్వలేము, మీకు జ్వరం వస్తే గంజి తీసుకురాలేము. ఆదివారం ఉదయం మా వీడియోకి, మీ సంఘానికి మధ్య పోటీ వస్తే, దయచేసి మా వీడియో ఆపేసి వెళ్లండి. వ్యూస్ తగ్గినా పర్వాలేదు.

నేను 2023 జనవరి మొదటి ఆదివారం రూమ్‌కి రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక చిన్న సంఘానికి వెళ్లాను. రేకుల షెడ్డు, ప్లాస్టిక్ కుర్చీలు. మైక్ సరిగా పని చేయదు. ఇప్పుడు నా పక్కన కూర్చునే పెద్దాయనకు పాటల పుస్తకంలో నంబరు తీసి ఇస్తున్నాను. ప్రకటనలు చివరిదాకా వింటున్నాను.

ఈ వారం చేయవలసినవి

1. మీ సంఘంలో నెల రోజులుగా కనిపించని ఒకరి పేరు రాసుకోండి. మెసేజ్ పెట్టకుండా ఇంటికి వెళ్లి కలవండి.
2. ఆదివారం ఆరాధన అయ్యాక వెంటనే బండి తీయకండి. పది నిమిషాలు ఆగి, మీకు పరిచయం లేని ఒకరితో మాట్లాడండి.
3. లైవ్‌కే అలవాటు పడ్డారా? నిజమైన కారణం ఏంటో దేవుని ముందు ఒక్క వాక్యంలో చెప్పండి.

ప్రార్థన చేసుకుందాం

పరలోకమందున్న మా తండ్రీ, మమ్మల్ని ఒంటరిగా రక్షించి ఒంటరిగా వదిలేయకుండా నీ కుటుంబంలో చేర్చినందుకు స్తోత్రం. మేము విడిచిపెట్టినవారి విషయంలో మమ్మల్ని క్షమించు. రాలేనివారి దగ్గరికి మమ్మల్ని నడిపించు. గాయపడినవారికి ప్రేమగల సహవాసం చూపించు. ఈ ఆదివారం మా పక్కన కూర్చునే మనిషిని నిజంగా చూసే కళ్లు మాకు ఇవ్వు. యేసు నామములో అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.